పన్నెండు పీసుల్ని రెండు వందలు చేసిన కామా

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండీ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా అంతా తెలుగు మీడియమే. ఇప్పుడు లేసు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. విదేశాల బయ్యర్లకి మెయిల్స్ నేనే రాయాలి. ఈమధ్య రెండు వందల టేబుల్ క్లాత్‌లు పంపాం. బయ్యర్ మొదటి పెట్టె విప్పి, మరకలున్నాయని ఫొటోలు పెట్టారు. మరకలున్నవి పన్నెండే. అవి మార్చి ఇస్తామని రాయమన్నారు మా ఓనర్‌గారు. నేను "ది టేబుల్ క్లాత్స్, విచ్ హ్యావ్ స్టెయిన్స్, విల్ బీ రీప్లేస్డ్" అని రాశాను. "మొత్తం రెండు వందలూ మారుస్తున్నందుకు థాంక్స్" అని ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఓనర్‌గారు కేకలేశారు. నేను ఎక్కడ తప్పు రాశానో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. మనుషులకి హూ, వస్తువులకి విచ్ అని స్కూల్లో నేర్పారు, అంతే తెలుసు. దట్ ఎప్పుడు వాడాలి, హూమ్ ఎప్పుడు వాడాలి? మా తమ్ముడు పదో తరగతి. రెండు వాక్యాలు కలపమని పరీక్షలో ఇస్తే ఏది పెట్టాలని నన్నే అడుగుతాడు. ఆవుకి హూ పెట్టాలా, విచ్ పెట్టాలా అని కూడా అడిగాడు. మెయిల్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంటోందండి.

సమాధానం: అమ్మా, ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం. వ్యాకరణం తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇవాళే ఆవిడకి ఇంకో మెయిల్ పంపండి. "ఓన్లీ ది ట్వెల్వ్ టేబుల్ క్లాత్స్ దట్ హ్యావ్ స్టెయిన్స్ విల్ బీ రీప్లేస్డ్. వి ఆర్ సారీ దట్ అవర్ ఎర్లియర్ మెయిల్ వాజ్ నాట్ క్లియర్." ఈ రెండు వాక్యాలు చాలు. సంజాయిషీ ఎంత పొడుగైతే అన్ని కొత్త అనుమానాలు పుడతాయి. వ్యాపారంలో ఇలాంటి సవరణలు మామూలే, దీనికి ఎవరూ నొచ్చుకోరు.

ఆవిడ సందు దొరికింది కదా అని అడ్వాంటేజ్ తీసుకుంటున్నారని మీ ఓనర్‌గారు అనుకుంటున్నారేమో. అలా కాదని ఆయనకి చెప్పండి. మీ వాక్యాన్ని ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఎవరు చదివినా ఆ అర్థమే వస్తుంది. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అర్థం తిప్పేసింది రెండు కామాలు.

ఒక పని చేయండి. మీరు రాసిన వాక్యంలో రెండు కామాల మధ్య ఉన్న ముక్కని వేలితో మూసెయ్యండి. మిగిలింది చదవండి: "ది టేబుల్ క్లాత్స్ విల్ బీ రీప్లేస్డ్." టేబుల్ క్లాత్‌లు మారుస్తాం. ఏవి? పంపినవన్నీ. కామాల మధ్య పెట్టిన ముక్క తీసేసినా అసలు మాట చెక్కుచెదరదని ఇంగ్లీషు చదివేవాళ్ళ లెక్క. అది పైన చేర్చిన సమాచారం మాత్రమే. అందుకే ఆవిడకి "టేబుల్ క్లాత్‌లన్నీ మారుస్తాం, అన్నట్టు వాటికి మరకలున్నాయి" అన్నట్టు వినిపించింది. కామాలు తీసేస్తే ఆ ముక్క ముందున్న మాటకి అతుక్కుపోతుంది. అప్పుడది ఏ టేబుల్ క్లాత్‌లో చెప్పే గుర్తు అవుతుంది. మరకలున్నవే, మిగతావి కావు.

తెలుగులో మనకి ఈ ఇబ్బంది ఎదురుకాదు. "కాకినాడలో ఉంటున్న మా అన్నయ్య వస్తున్నాడు" అంటాం. మీకు ఒక్కడే అన్నయ్యా, ముగ్గురుంటే వాళ్ళలో కాకినాడ ఆయనా అన్నది ఆ వాక్యంలో ఎక్కడా లేదు. వినేవాళ్ళకి మీ ఇల్లు తెలుసు కాబట్టి సరిపోతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ సంగతి కామాతో తేల్చి చెప్పాలి. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ కాకినాడ, ఈజ్ కమింగ్" అంటే ఉన్నది ఒక్క అన్నయ్యే, ఆయన కాకినాడలో ఉంటాడని. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ కాకినాడ ఈజ్ కమింగ్" అంటే అన్నలు ఇంకా ఉన్నారు, వచ్చేది కాకినాడ ఆయన అని. నోటితో చెప్పేటప్పుడు కామా ఉన్న చోట ఒక్క క్షణం ఆగుతాం.

ఊరి పేర్లు, మనుషుల పేర్లు, నదుల పేర్ల తర్వాత దాదాపు ఎప్పుడూ కామా పడుతుంది. పేరు చెప్పాక ఇక ఎవరో, ఏదో అని గుర్తు చెప్పే పని ఉండదు కదా. "ది గోదావరి, విచ్ రైజెస్ నియర్ నాసిక్, ఫ్లోస్ ఇంటూ ది బే ఆఫ్ బెంగాల్." ఉన్నది ఒక్క గోదావరి కాబట్టి కామాలు ఉండాల్సిందే. అదే "ది రివర్ దట్ ఫ్లోస్ పాస్ట్ నరసాపురం ఈజ్ ది వశిష్ఠ" అన్నప్పుడు ఏ నది అన్నది ఆ ముక్కే చెప్పాలి. అక్కడ కామా పెడితే తప్పు.

ఇప్పుడు దట్, విచ్. వీటి గురించి జనం పడే టెన్షన్‌లో చాలా భాగం అనవసరం. కామా లేని చోట, అంటే ఏదో గుర్తు చెప్పే చోట, రెండూ చెల్లుతాయి. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అక్కడ విచ్ హాయిగా రాస్తారు. "ది టేబుల్ క్లాత్స్ విచ్ హ్యావ్ స్టెయిన్స్ విల్ బీ రీప్లేస్డ్" అని కామా లేకుండా రాసినా మీకు ఏ గొడవా వచ్చేది కాదు. గుర్తు చెప్పే చోట దట్, అదనపు సమాచారం చెప్పే చోట విచ్ అని పంచుకుంటే అర్థం తేటగా ఉంటుందని 1926లో హెన్రీ ఫౌలర్ అనే ఇంగ్లండ్ వ్యాకరణవేత్త సూచించారు. అప్పటికి ఎక్కువమంది అలా రాయడం లేదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. ఆ సూచన ఇంగ్లండ్ కంటే అమెరికా ఎడిటర్లకి బాగా నచ్చింది. అక్కడ దాన్ని దాదాపు రూల్‌గా పాటిస్తారు.

మీ ఉద్యోగానికి నా సలహా ఇదే: కామా లేకపోతే దట్, కామా ఉంటే విచ్. అమెరికా బయ్యర్ అయినా, ఇంగ్లండ్ బయ్యర్ అయినా దీనికి ఎవరూ వంక పెట్టలేరు. డబ్బుతో ముడిపడిన వాక్యాల్లో ఈ అలవాటు మిమ్మల్ని కాపాడుతుంది. తమ్ముడి పేపర్లో మాత్రం విచ్‌తో కలపమని అడిగితే విచ్ పెట్టాల్సిందే.

దట్‌కి రెండు చోట్ల ప్రవేశం లేదు. కామా తర్వాత రాదు, "టు", "విత్", "ఇన్" లాంటి ప్రిపొజిషన్ పక్కనే రాదు. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, ది ఓన్లీ, ది బెస్ట్ లాంటి మాటల తర్వాత వస్తువుల గురించి చెప్పేటప్పుడు దట్ బాగా నప్పుతుంది. ఇక్కడ మనవాళ్ళు తరచూ వాట్ వాడేస్తారు: "ఆల్ వాట్ ఐ నో", "ఎవ్రీథింగ్ వాట్ హి సెడ్". ఇది తప్పు. "ఆల్ దట్ ఐ నో", "ఎవ్రీథింగ్ దట్ హి సెడ్" అనాలి. వాట్‌లోనే "ఏదైతే అది" అన్న అర్థం ఇమిడి ఉంది కాబట్టి దాని ముందు ఇంకో నామవాచకం పట్టదు. "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ" అంటే సరిపోతుంది.

ఇక మీ అసలు సందేహం. మనుషులకి హూ, వస్తువులకి విచ్ అని స్కూల్లో నేర్పింది తప్పు కాదు, కానీ అది సగమే. ఆ రూల్ ముందున్న మాటనే చూస్తుంది. వెనకాల వచ్చే ముక్కలో ఆ మాట ఏ పని చేస్తోందో చూడదు. హూ, హూమ్, హూజ్ తేడా అంతా అక్కడే ఉంది.

మీరు తెలుగు మీడియం కాబట్టి ఇది మీకు ఇంగ్లీషు మీడియం పిల్లల కంటే బాగా తెలుస్తుంది. ఈ నాలుగూ చూడండి. మాకు దారం అమ్మిన మనిషి. మేం పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద చూసిన మనిషి. మేం డబ్బిచ్చిన మనిషి. కొడుకు గల్ఫ్‌లో ఉన్న మనిషి. నాలుగింటిలోనూ క్రియ చివర "న" వచ్చింది, పక్కన మనిషి వచ్చాడు, పని అయిపోయింది. ఇప్పుడు వీటిని విడదీసి మామూలు వాక్యాలు చేయండి. మనిషి అమ్మాడు. మనిషిని చూశాం. మనిషికి డబ్బిచ్చాం. మనిషి యొక్క కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. డుమువులు, నినులు, కికులు అని మీరు వల్లె వేసిన విభక్తులన్నీ ఇక్కడ కనిపిస్తున్నాయి. వాక్యాన్ని కలిపేసరికి అవి జారిపోయాయి. మనకి లోటు తెలియదు, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం.

ఇంగ్లీషులో వాటిని వదిలెయ్యడానికి లేదు. ఆ విభక్తి బరువంతా హూ మీద పడుతుంది. అందుకే అది రూపం మార్చుకుంటుంది. "ది మ్యాన్ హూ సోల్డ్ అస్ థ్రెడ్." "ది మ్యాన్ హూమ్ వి సా." "ది మ్యాన్ టు హూమ్ వి గేవ్ మనీ." "ది మ్యాన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ ది గల్ఫ్." తెలుగులో ఒక్క "న" చేసిన పనికి ఇంగ్లీషులో నాలుగు రూపాలు కావాల్సి వచ్చాయి.

కాబట్టి ఏది పెట్టాలో తోచనప్పుడు రెండో వాక్యాన్ని విడిగా రాసుకోండి. అందులో ఆ మనిషి స్థానంలో హి వస్తుందా, హిమ్ వస్తుందా, హిజ్ వస్తుందా చూడండి. హి వస్తే హూ. హిమ్ వస్తే హూమ్. హిజ్ వస్తే హూజ్. చెవికి కూడా ఇది పట్టుకుంటుంది. హిమ్, హూమ్ రెండూ "మ్" తో ముగుస్తాయి. హిజ్, హూజ్ రెండూ "జ్" తో ముగుస్తాయి. తమ్ముడికి ఇదొక్కటి వస్తే పరీక్షలో ఈ ప్రశ్న దగ్గర తడబడడు.

వాడితో చేయించడానికి మన కాటన్ దొరని తీసుకోండి, వివరాలు వాడికి తెలిసినవే ఉంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. "ది ఇంజినీర్ బిల్ట్ ది ఆనికట్", అంటే హి బిల్ట్. కలిపితే "ది ఇంజినీర్ హూ బిల్ట్ ది ఆనికట్ వాజ్ ఆర్థర్ కాటన్." తర్వాత, "డెల్టా ఫార్మర్స్ ఆనర్ హిమ్". కలిపితే "ది ఇంజినీర్ హూమ్ డెల్టా ఫార్మర్స్ ఆనర్ ఈజ్ ఆర్థర్ కాటన్." తర్వాత, "హిజ్ స్టాచ్యూ స్టాండ్స్ ఇన్ మెనీ విలేజెస్". కలిపితే "కాటన్, హూజ్ స్టాచ్యూ స్టాండ్స్ ఇన్ మెనీ విలేజెస్, డైడ్ ఇన్ 1899." చివరి దాంట్లో పేరు ముందే వచ్చింది, అందుకే కామాలు పడ్డాయి. ఆ కామాలు ఎందుకో వాడి చేతనే చెప్పించండి. ఇంకొకటి కూడా ఇవ్వండి. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ కాటన్ కట్టింది కాదు, తర్వాత కట్టింది. రెండు కట్టడాలున్నాయి కాబట్టి "ది ఆనికట్ దట్ కాటన్ బిల్ట్" అని కామా లేకుండా రాయాలి.

వస్తువుల దగ్గర పని తేలిక. కర్త అయినా, కర్మ అయినా విచ్ రూపం మారదు. "యొక్క" వచ్చే చోట మాత్రం వస్తువులకి కూడా హూజ్ వాడొచ్చు. "ఎ టేబుల్ క్లాత్ హూజ్ బోర్డర్ ఈజ్ టార్న్" అన్నది మంచి ఇంగ్లీషు. హూజ్ మనుషులకే అని కొందరు టీచర్లు చెబుతారు, ఆ నమ్మకానికి ఆధారం లేదు. "ది బోర్డర్ ఆఫ్ విచ్" అని రాసినా తప్పు కాదు గానీ మెయిల్లో బరువుగా ఉంటుంది.

వస్తువుల దగ్గర మనం పోగొట్టుకునేది ప్రిపొజిషన్‌ని. "దారం కత్తిరించిన కత్తెర" అంటాం. కత్తెరతో కత్తిరించాం కదా, ఆ "తో" తెలుగులో కనబడదు. దాంతో "ది సిజర్స్ విచ్ వి కట్ ది థ్రెడ్" అని రాసేస్తాం. "విత్" ఏదో ఒక చోట ఉండి తీరాలి. "ది సిజర్స్ విత్ విచ్ వి కట్ ది థ్రెడ్" అనండి, లేదా "ది సిజర్స్ వి కట్ ది థ్రెడ్ విత్" అనండి. రెండోది మాట్లాడే ధోరణి, మొదటిది రాసే ధోరణి. బయ్యర్‌కి రెండూ మర్యాదగానే ఉంటాయి.

దీనికి తిరగబడిన తప్పు ఇంకొకటి ఉంది. మన దగ్గర్నుంచి వెళ్ళే వ్యాపార మెయిల్స్‌లో అది చాలా ఎక్కువ. "ది శాంపిల్ విచ్ యు సెంట్ ఇట్ ఈజ్ రిసీవ్డ్." ఇందులో విచ్ ఒకసారి శాంపిల్‌ని చెప్పేసింది. మళ్ళీ "ఇట్" అంటే అదే వస్తువుని రెండోసారి చెప్పినట్టు. "ది లేడీ హూ హర్ ఆర్డర్ వాజ్ లేట్" కూడా ఇదే కోవ. హర్ అన్నది హూజ్‌లో కలిసిపోయి "ది లేడీ హూజ్ ఆర్డర్ వాజ్ లేట్" అవ్వాలి. మెయిల్ పంపేముందు ప్రతి విచ్ దగ్గరా ఆగి, దాని వెనక అదే వస్తువుకి ఇట్, దెమ్ లాంటి మాట మిగిలిపోయిందేమో చూడండి. ఉంటే కొట్టేయండి. మీరు మానుకోవాల్సిన అలవాట్లలో నేను మొదట చెప్పేది ఇదే.

ఊళ్ళ గురించి రాసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఊరు కనబడగానే వేర్ పెట్టేస్తారు. ఊరైనా సరే, వెనక ముక్కలో అది ఏ పని చేస్తోందన్నదే ముఖ్యం. "అంతర్వేది ఈజ్ ది ప్లేస్ వేర్ ది వశిష్ఠ మీట్స్ ది సీ." విడదీస్తే, అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. "అక్కడ" అన్న మాట వచ్చింది కాబట్టి వేర్. "అంతర్వేది ఈజ్ ఎ ప్లేస్ దట్ ఎవ్రీ విజిటర్ లైక్స్." ఇక్కడ విడదీస్తే అంతర్వేదిని ఇష్టపడతారు అని వస్తుంది, "అక్కడ" రాదు, కాబట్టి వేర్ కుదరదు. "నరసాపురం, విచ్ ఈజ్ నోన్ ఫర్ లేస్, ఈజ్ ఆన్ ది వశిష్ఠ." ఇక్కడ ఊరే కర్త. మీ కంపెనీ గురించి బయ్యర్లకి పరిచయం రాసేటప్పుడు ఈ వాక్యం పనికొస్తుంది. "నరసాపురం, వేర్ విమెన్ హ్యావ్ మేడ్ క్రోషే లేస్ ఫర్ జనరేషన్స్" అని కూడా రాయొచ్చు. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న ఈ అల్లిక పని మీ ఇళ్ళల్లో తరాలుగా సాగుతోంది కాబట్టి అందులో అతిశయోక్తి లేదు. "వేర్ ఐ వాజ్ బార్న్ ఇన్" అని మాత్రం రాయకండి, వేర్‌లోనే ఆ "ఇన్" ఉంది. వెన్, వై కూడా ఇలాగే నడుస్తాయి.

తమ్ముడికి మార్కులు పోయే చోటు మరొకటుంది. మాట సరిగ్గానే ఎంచుకుంటాడు, తప్పు చోట పెడతాడు. తెలుగులో గుర్తు చెప్పే ముక్క నామవాచకానికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో దాని వెంటనే వెనక రావాలి, మధ్యలో ఇంకేదీ దూరకూడదు. పిల్లలు మొదటి వాక్యం మొత్తం రాసేసి, చివర్లో విచ్ తగిలిస్తారు. "ది పార్సిల్ రీచ్డ్ లండన్ విచ్ వి ప్యాక్డ్ యెస్టర్‌డే" అని రాస్తే లండన్‌నే ప్యాక్ చేసినట్టు అవుతుంది. "ది పార్సిల్ విచ్ వి ప్యాక్డ్ యెస్టర్‌డే రీచ్డ్ లండన్" అని రాయాలి. వాడిచేత రెండు వాక్యాల్లోనూ ఉన్న ఉమ్మడి మాట కింద పెన్సిల్‌తో గీత గీయించండి. మొదటి వాక్యంలో ఆ మాట రాయగానే ఆగిపోయి, రెండో వాక్యాన్ని అక్కడే దూర్చి, ఆ తర్వాత మొదటి వాక్యంలో మిగిలింది రాయమనండి. కొన్నాళ్ళు ఈ గీత గీసే అలవాటు ఉంటే తర్వాత దాని అవసరం ఉండదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రిలేటివ్ ప్రొనౌన్‌ని, అంటే హూ, విచ్, దట్ లాంటి కలిపే మాటని, మొత్తానికే ఎగరగొట్టొచ్చా అంటే, అది కర్మ అయితే ఎగరగొట్టొచ్చు: "ది లేస్ యు ఆర్డర్డ్ ఈజ్ రెడీ". కర్త అయితే కుదరదు. "ది లేడీ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై ఆంట్" తప్పు, "హూ కేమ్" అనాలి. కామాల మధ్య ఉన్న ముక్కలో కర్మ అయినా ఎగరగొట్టకూడదు.

"ఎవరైతే కష్టపడతారో వాళ్ళు గెలుస్తారు" అన్న తెలుగు అచ్చులో "హూ వర్క్స్ హార్డ్, హి విల్ విన్" అని రాస్తుంటారు. "దోజ్ హూ వర్క్ హార్డ్ విల్ విన్" అంటే సరిపోతుంది. పోటీ పరీక్షల్లో అడిగే "వన్ ఆఫ్ ది విమెన్ హూ మేక్ లేస్" దగ్గర మేక్ బహువచనమే, ఎందుకంటే హూ అన్నది వన్‌ని కాదు, విమెన్‌ని పట్టుకుంది.

హూమ్ గురించి విడిగా అడిగారు. మాటల్లో అది తగ్గిపోయింది. ఇంగ్లండ్‌లోనూ, అమెరికాలోనూ మాట్లాడేటప్పుడు "ది లేడీ హూ ఐ మెట్" అంటే ఎవరూ వింతగా చూడరు. ప్రిపొజిషన్ పక్కన మాత్రం హూమే రావాలి. "టు హూ" అని రాస్తే చదివేవాళ్ళకి రాయి తగిలినట్టు ఉంటుంది. మీ మెయిల్స్‌లో ఆ గొడవ లేకుండా "ది లేడీ వి సెంట్ ది శాంపిల్స్ టు" అని రాయండి. తమ్ముడు పరీక్షలో "ది లేడీ టు హూమ్" అనే రాయాలి.

విచ్ ఒక్కోసారి ముందున్న ఒక్క మాటని కాక, చెప్పిన సంగతి మొత్తాన్ని పట్టుకుంటుంది. వరద రోజుల్లో మీకు ఇది తప్పక అవసరం పడుతుంది. "ది ఫెర్రీ టు సఖినేటిపల్లి వాజ్ స్టాప్డ్, విచ్ డిలేడ్ ది వర్క్." పంటు ఆపేయడమే ఆలస్యానికి కారణమని అర్థం. సఖినేటిపల్లి వైపు నుంచి అల్లిన పీసులు రావడం ఆలస్యమైతే బయ్యర్‌కి ఇలా రాయండి. ఇందులో కామా తప్పనిసరి. దట్ అసలు పనికిరాదు.

తమ్ముడి ఆవు ప్రశ్న మంచి ప్రశ్న. ఊరికే ఒక ఆవు గురించి రాస్తే విచ్ లేదా దట్: "ది కౌ దట్ గివ్స్ ఫోర్ లీటర్స్". ఇంట్లో పేరు పెట్టి పిలుచుకునే ఆవయితే హూ రాయొచ్చు: "గౌరి, హూ ఈజ్ సిక్స్ ఇయర్స్ ఓల్డ్, ఈజ్ అవర్ కౌ." దగ్గరి జంతువుల్ని ఇంగ్లీషువాళ్ళు కూడా మనుషుల్లాగే హి, షి అంటారు, హూ కూడా వాడతారు. పరీక్షలో మాత్రం జంతువుకి విచ్ పెట్టమనండి, దిద్దేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా ఆలోచిస్తారు. పాత ఇంగ్లీషు ప్రార్థనల్లో దేవుడికి కూడా విచ్ వాడారని వాడు చర్చిలోనో, పాత పుస్తకంలోనో చూసి అడిగితే కంగారు పడకండి. నాలుగు వందల ఏళ్ళ కిందట మనుషులకి కూడా విచ్ వాడేవారు, అప్పట్లో అది తప్పు కాదు.

బయ్యర్‌కి మెయిల్ వెళ్ళాక ఆవిడ జవాబు ఏమిటో రాయండి. తమ్ముడు కాటన్ మీద కలిపిన వాక్యాలు కూడా పంపితే దిద్ది ఇస్తాను.